గుడ్డు ఖరీదు

గంట్యాడ దాటి, తాటిపూడి దారిలో
ఎడం పక్కకి దిగితే
ఎకరా ఇరవై సెంట్లు మాది.
అందులో పదిహేను సెంట్లు బండరాయి.
రాయి కూడా మనదే కదా అని
మా పూర్వి దాని మీద సుద్దముక్కతో
"బడి" అని రాసింది.

రైతులమని ఎవరికీ చెప్పుకోలేదు మేం.
ఆయన రైల్వే సిగ్నళ్ళలో, నేను ఇన్సూరెన్సు ఆఫీసులో.
ఏడున్నరకి స్కూటరెక్కి విజయనగరం వెళ్ళిపోతాం.
చెప్పుల అంచున ఎర్రమట్టి మాత్రం దిగదు, మాతో వస్తుంది.
మేనేజరు నా కాళ్ళకేసి చూసి
"ఇంకా అక్కడే ఉంటున్నారా?" అంటాడు.
ఆ "ఇంకా"కి జవాబు
పదకొండు నెలలుగా వెతుకుతున్నాను.

జోగారావు ఒక లెక్కల పుస్తకం పెట్టాడు.
తవుడు, నూకలు, కంచె తీగ,
రెండుసార్లు కాలిన మోటారు,
నన్ను తేలు కుట్టిన రాత్రి ఆటోకి ఆరు వందలు.
(ఆటోలో నేను అతన్ని తిట్టిన తిట్లు రాయలేదు.)
కూడి, తీసి, భాగించి
ఒక ఆదివారం నేను అట్టు మీద గుడ్డు కొట్టబోతుంటే
"ఆగు, అది నలభై ఏడు రూపాయలు" అన్నాడు.
గుడ్డు ఇంకా నా చేతిలో వెచ్చగానే ఉంది.
కొట్టేశాను.

పక్క చేలో ఆదెమ్మ
చోడి నారు పీకుతూ మమ్మల్ని చూస్తుంటుంది.
వీడియో చూసి మేం ఎత్తుగా కట్టిన మడుల దగ్గర నిలబడి
"ఏటమ్మా, ఎవులివి ఈ సమాదులు?" అంది.
కోళ్ళకి పేర్లున్నాయని తెలిసిన రోజు
గట్టు మీద కూలబడి నవ్వింది.
"పేరెట్టినాక పీక కొయ్యనేరు తల్లీ,
మీరింక కూరొండుకున్నట్టే!"

నిజమే.
కోమలం, అది పూర్వి టీచరు పేరు,
గుడ్డు పెట్టడం ఎప్పుడో మానేసి
మా మంచం కింద కాపురం పెట్టింది.
చింపిరికి ఒక కన్ను లేదు, రెండింతల పొగరుంది.
ముంగిస ఎత్తుకుపోయిన రాణిని
బుడ్డోడు మూడు రోజులు
ముద్ద ముద్దకీ మధ్య పిలిచాడు.
పుస్తకంలో మటుకు: కోడి, ఒకటి, నాలుగు వందల యాభై.

నాటినవేవీ మా మాట వినలేదు.
కొరియర్‌లో తెప్పించిన టమాటాకి ఆకుముడత.
క్యారెట్ లాగితే బుడ్డోడి చిటికెనవేలు.
అంట్లు తోమిన నీళ్ళు పారబోసే చోట మాత్రం
ఎవరూ అడక్కుండానే ఒక గుమ్మడి లేచింది.
పాకి, పాకి, స్నానాలగది రేకు ఎక్కి
వానలు వెనకబట్టేసరికి
పదమూడు కాయలు.

ఒకటి ఆదెమ్మకిచ్చాను.
ఈసారి నవ్వలేదు.
అరచేత్తో తట్టి, చెవి ఆనించి విని,
"మిగతావి కోసినప్పుడు
ఇత్తనాలు పారీకు, నాకుంచు" అంది.
ఆ మాట వంటింట్లోకి, ఆఫీసులోకి
రెండు రోజులు మోసుకు తిరిగాను.

కరెంటు రాత్రి రెండింటికొస్తుంది.
ఆయనకి నైట్ డ్యూటీ.
నేనే టార్చి పట్టుకుని బయల్దేరితే
వెనకాల దుప్పటి ఈడ్చుకుంటూ పూర్వి.
పైపు ముందు దగ్గింది, తుప్పు కక్కింది,
తర్వాత నీరు.
దాని పక్కనే నడిచాం ఇద్దరం,
దానికంటే ముందెళ్ళి చేసే పనేం ఉంది గనక.
రాయి దాకా వచ్చి
నీరు కాసేపు ఆగింది,
చుట్టూ తడిమింది,
పక్కనుంచి జారుకుంది.
"అమ్మా, నీళ్ళు బడి ఎగ్గొట్టాయి" అంది పూర్వి.

పొద్దున్న పుస్తకంలో, "మోటారు, మూడు గంటలు" కింద
పెన్సిలుతో వంకరగా ఇంకో వరస:
నీల్లు బడికి రాలేదు.
జోగారావు దాన్ని కొట్టేయలేదు.
ఏ పద్దులో కలపాలో తెలియక
యూనిఫాం కూడా విప్పకుండా చాలాసేపు చూశాడు.

ఈ నెల గుడ్డు నలభై ఒకటి.